గోరుచుట్టు మీద రోకటి పోటు: పిల్లలకి ఎలా చెప్పాలంటే

కోడలు పిల్లకి,

మైలాపూరు నుంచి అత్తయ్య ఆశీస్సులు.

ఆదివారం తెలుగు క్లాసులో ఈ సామెతకి "కష్టం మీద కష్టం" అని బోర్డు మీద రాసేస్తే చాలా అని అడిగావు. చాలదమ్మాయ్. అలా రాస్తే సాయంత్రానికి మర్చిపోతారు. ముందు నొప్పి తెలియాలి.

గోరుచుట్టుతో మొదలుపెట్టు. సగం మంది పిల్లలు దాన్ని "గోరు చుట్టూ" అని వింటారు, అదో జబ్బని తెలీదు. గోరు పక్కన లేచిన తోలు కొరికితేనో పీకితేనో ఆ సందులోంచి క్రిములు దూరి, వేలు వాచి చీము పడుతుంది. చెయ్యి కిందికి దించితే చాలు, జివ్వుజివ్వుమని సలుపుతుంది. తమిళంలో నగచ్చుత్తు అంటే పిల్లలకి వెంటనే వెలుగుతుంది. నగమంటే గోరేగా! మా అమ్మ వేలికి నిమ్మకాయ తొడుక్కుని ఇల్లంతా తిరిగేది, టోపీ పెట్టినట్టు. (అదే వైద్యమని మాత్రం చెప్పకు, తల్లులు నీ మీదకొస్తారు.)

ఇక రోకలి. అల్లం దంచే బుల్లి రోలు చూపించావో, కథ చెడింది! అసలు రోకలి ఆ పిల్లల కంటే పొడుగు, కింద ఇనప పొన్ను. కుడిచేత్తో రోకలి ఎత్తి వేస్తూ, ఎడమచేత్తో చెదిరిన మిరపకాయల్ని రోట్లోకి తోస్తారు. వేలు వాచిందని కారం దంచడం ఆగుతుందా? ఆ తోసే వేలి మీదే... అక్కడ ఆపు. పిల్లలే చేతులు వెనక్కి లాక్కుంటారు.

తమిళులదీ ఇదే బాధ: "పట్ట కాలిలే పడుం". దెబ్బ తగిలిన కాలికే మళ్లీ తగులుతుందని. వాళ్లకి కాలు, మనకి వేలు.

బస్సు తప్పిపోయి, పెన్ను కూడా పోతే గోరుచుట్టు కాదు. రెండో దెబ్బ మొదటి పుండు మీదే పడాలి. 2015 డిసెంబరు వరదకి నానిన మా ప్రహరీ గోడ సరిగ్గా బాగుచేయించుకోనే లేదు, 2016 డిసెంబరు 12న వర్దా తుపానుకి వేపచెట్టు దాని మీదే కూలింది. అదీ గోరుచుట్టంటే. మర్నాడు పక్కింటావిడ వచ్చి సరిగ్గా ఈ సామెతే అంది. గోడ పోయినందుకు ఏడవలేదు గానీ ఆ మాటకి ఏడుపొచ్చింది. మన కష్టానికి మనం అనుకోవచ్చు, ఎదుటివాళ్ల మొహం మీద అనకూడదని పిల్లలకి గట్టిగా చెప్పు.

"రోట్లో తల పెట్టి రోకటి పోటుకి వెరవడం" కూడా పక్కనే చెప్పెయ్. హోంవర్కు ఎగ్గొట్టి తిట్లు తినేవాడిది అది. రోకలి ఒకటే, ఇక్కడ దురదృష్టం, అక్కడ స్వయంకృతం.

ఇవన్నీ ఎవరు రాశారని పెద్ద పిల్లలు అడిగితే, దంచినవాళ్లే అన్నారని చెప్పు. పోగు చేసినవాళ్లలో కెప్టెన్ కార్ అనే దొర ఒకడు, 1868లో ఈ మద్రాసులోనే తెలుగు సామెతల పుస్తకం వేశాడు.

మా అటక మీద అమ్మ రోకలి ఉంది. ఆటోలో అడ్డంగా పట్టదు, మీ ఆయన్ని కూడా తీసుకురా.

అత్తయ్య