ఓనర్ మారాడు, కిరాయి 12 వేలంటున్నాడు: కొత్త అగ్రిమెంట్ మీద సంతకం పెట్టాలా?

ప్రశ్న: సికింద్రాబాద్‌లో పాత మార్కెట్ దగ్గరి సందులో మాకు చిన్న మల్గీ ఉంది. మా నాన్న 1979లో కిరాయికి తీసుకుని టైలర్ షాపు పెట్టారు, ఆయన పోయాక నేనే నడుపుతున్నాను. కిరాయి నెలకు 1,800. అగ్రిమెంట్ లేదు, పాత ఓనర్ గారు చేత్తో రాసిచ్చిన రసీదులున్నాయి. ఆయన కొడుకులు పోయిన ఏడాది బిల్డింగ్ అమ్మేశారు. కొన్నాయన కింద భాగమంతా ఒక కెఫేకి ఇవ్వాలనుకుంటున్నాడు. 12,000 కిరాయితో 11 నెలల అగ్రిమెంట్ రాసుకుందాం, లేదంటే నెలలో ఖాళీ చెయ్ అంటున్నాడు. రెండు నెలలుగా పాత కిరాయి ఇస్తుంటే తీసుకోవట్లేదు. పక్కన వాచీలు బాగుచేసే ఆయన, బుక్ బైండింగ్ ఆయన ఇప్పటికే వెళ్లిపోయారు. ఇది ఎనభై ఏళ్ల బిల్డింగ్, హెరిటేజ్ అని ఆపలేమా?

జవాబు: సంతకం పెట్టకండి. మిగతాదంతా తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఆ కాగితం మీద మాత్రం పెట్టకండి.

ఎందుకంటే, 12,000 అనేది మీకు డబ్బు సమస్యలా కనిపిస్తోంది కానీ అసలు ప్రమాదం అది కాదు. మీ మల్గీకి ఇప్పుడు 1960 నాటి కిరాయి నియంత్రణ చట్టం వర్తిస్తుంది, మనం రెంట్ కంట్రోల్ అంటామే, అదే. 2005లో దాన్ని సవరించి, మున్సిపల్ కార్పొరేషన్ పరిధిలో నెల కిరాయి 3,500 దాటితే ఈ చట్టం వర్తించదని పెట్టారు. కట్టి పదిహేనేళ్లు కాని బిల్డింగులకూ వర్తించదు, కానీ మీది పాతది కాబట్టి ఆ భయం లేదు. ఇప్పుడు మీరు 12,000కి ఒప్పుకున్నారంటే ఆ రోజే ఈ చట్టం నీడలోంచి బయటికొచ్చి, ఆస్తి బదిలీ చట్టం కిందికి వెళ్లిపోతారు. అక్కడ కారణం చెప్పే పని లేదు. 11 నెలలు అయిపోయాక మీరు కదలకపోతే సివిల్ కోర్టులో దావా వేస్తాడు, 'నేనెందుకు ఖాళీ చేయాలి' అనే మీ ప్రశ్నకు అక్కడ విలువుండదు. నెలనెలా కిరాయి మీద కొనసాగుతున్నా సెక్షన్ 106 కింద 15 రోజుల నోటీసు చాలు. నలభై ఏళ్లకు పైగా ఉన్న హక్కు ఒక్క సంతకంతో పోతుంది. మీ పక్కవాళ్లు ఏం సంతకం పెట్టి వెళ్లారో నాకు తెలియదు కానీ, నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఇలాంటి సంతకం అయిపోయాకే వస్తారు, అది చూసినప్పుడల్లా బాధేస్తుంది.

కొత్త ఓనర్ వచ్చినంత మాత్రాన మీ కిరాయిదారీ పోదు. పాత ఓనర్‌కి మీ మీద ఏ హక్కులున్నాయో, మీ పట్ల ఏ బాధ్యతలున్నాయో కొన్నాయనకు అవే వస్తాయి, ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 109 చెప్పేది అదే. నాన్నగారు పోయారని కూడా దిగులు వద్దు, షాపు కిరాయిదారీ వారసులకు వస్తుందని సుప్రీంకోర్టు 1985లోనే గియాన్ దేవి ఆనంద్ కేసులో చెప్పింది.

రెంట్ కంట్రోల్ చట్టం కింద ఖాళీ చేయించాలంటే రెంట్ కంట్రోలర్ దగ్గర కేసు వేసి సెక్షన్ 10లో ఉన్న కారణాల్లో ఒకటి రుజువు చేయాలి. కిరాయి ఎగ్గొట్టడం, అనుమతి లేకుండా ఇంకొకరికి ఇవ్వడం, లేదా ఓనర్‌కి సొంత వ్యాపారానికి నిజంగా అవసరం కావడం, ఇలాంటివి. ఆ చివరిది చూడండి. ఆయన తనే కెఫే నడుపుతానంటే ఒక మాట, అప్పుడు కూడా ఇదే ఊళ్లో ఆయనకు సొంత షాపు ఇంకోటి ఉందా, అందులో వ్యాపారం చేస్తున్నాడా అని మనం అడగొచ్చు. ఎక్కువ కిరాయికి ఇంకొకరికి ఇవ్వడానికి నిన్ను లేపుతున్నాను అంటే అది సొంత అవసరం కాదు. కెఫేవాళ్లకు ఇస్తానని ఆయన ఎవరి ముందు అన్నాడో, వాట్సాప్‌లో పెట్టాడో, అది దాచిపెట్టుకోండి. కూల్చి కడతానని వస్తే అది సెక్షన్ 12, అప్పుడు దాని సంగతి చూద్దాం.

నాకు టెన్షన్ పెడుతున్నది ఆ రెండు నెలల కిరాయి. ఆయన తీసుకోకపోవడం ఊరికే కాదు, రేపు 'కావాలనే ఎగ్గొట్టాడు' అని కేసు వేయడానికి అదే ఆధారం అవుతుంది. ఒప్పందం లేనప్పుడు ఒక నెల కిరాయి ఆ తర్వాతి నెల ఆఖరి రోజులోపు చేరాలి. అందుకని ఈ వారమే స్పీడ్ పోస్టులో ఉత్తరం రాయండి: కిరాయి సిద్ధంగా ఉంది, మీ బ్యాంకు ఖాతా చెప్పండి, సేల్ డీడ్ కాపీ ఇవ్వండి అని. జవాబు రాకపోతే మనీ ఆర్డర్ పంపండి, వెనక్కి తిప్పితే ఆ కాగితం పారేయకండి, అదే మీ సాక్ష్యం, తర్వాత రెంట్ కంట్రోలర్ కోర్టులో డిపాజిట్ చేయొచ్చు. రసీదు లేకుండా చేతికి నగదు ఇక ఇవ్వొద్దు.

ఒక మాట ఆయన వైపు నుంచి కూడా చెప్పాలి. ఆ సందులో 1,800 అంటే నిజంగా తక్కువే. మీరే ముందుకొచ్చి పెంచుతానని రాతపూర్వకంగా చెప్పండి, కానీ 3,500 ఒక్క రూపాయి కూడా దాటనీయకండి. మెయింటెనెన్స్ అని వేరే పేరుతో పైన కలిపినా అది కూడా కిరాయేనని వాదన వస్తుంది, జాగ్రత్త. ఆయన న్యాయమైన కిరాయి నిర్ణయించమని కంట్రోలర్‌కి దరఖాస్తు చేసుకోవచ్చు, అప్పుడు చుట్టుపక్కల కిరాయిలు లెక్కలోకి వస్తాయి. అంటే మీ వీధికి పేరు పెరిగేకొద్దీ ఆ లెక్క మీకు బరువవుతుంది.

హెరిటేజ్ సంగతి. పాతదైనంత మాత్రాన హెరిటేజ్ కాదు, ప్రభుత్వ జాబితాలో ఉండాలి. జాబితాలో ఉన్నవాటికి కోర్టులు అండగా నిలిచాయి, ఎర్రమంజిల్ భవనం కూల్చాలన్న నిర్ణయాన్ని 2019లో హైకోర్టు కొట్టేసింది. కానీ అది గోడల్ని కాపాడే చట్టం, గోడల మధ్య కుట్టుమిషన్ పెట్టుకున్న మనిషిని కాదు. బన్సీలాల్‌పేట మెట్లబావిని బాగుచేసి 2022లో తెరిచారు, మొజంజాహీ మార్కెట్‌కి 2020లో మళ్లీ కళ వచ్చింది, రెండూ నేను సంతోషంగా వెళ్లి చూసినవే. అయితే ఒక చోటికి జనం రావడం మొదలైతే ఆ చుట్టూ కిరాయిలు పెరుగుతాయి, పాత గోడ, పాత తలుపు అలాగే ఉంటాయి, మీ నాన్నగారు కొలత తీసుకున్న కుటుంబాలు మాత్రం జాకెట్లు కుట్టించుకోవడానికి ఇంకెక్కడికో వెళ్లాలి. వాచ్ రిపేర్, బైండింగ్, ఫాల్ కుట్టడం, ఇవి ఒకదాన్నొకటి ఆనుకుని బతికే పనులు, ఒక షాపు మూతపడితే పక్క షాపుకి వచ్చే మనుషులూ తగ్గుతారు. ఆ కలయికను కాపాడే సెక్షన్ ఏదీ మన దగ్గర లేదు. ఉండాలని నేను గట్టిగా అనుకుంటాను. ప్రస్తుతానికి మీకున్న ఆయుధం ఆ 3,500 గీత ఒక్కటే.

తాళం వేస్తాడు, కరెంటు కట్ చేస్తాడు అనే భయం ఉంటే, ఉండే హక్కు లేకపోయినా స్వాధీనంలో స్థిరపడ్డవాణ్ని కూడా కోర్టు ద్వారా తప్ప బలవంతంగా లేపకూడదని సుప్రీంకోర్టు 1989లో కృష్ణారామ్ మహాలే కేసులో చెప్పింది. ముందే ఇంజంక్షన్, అంటే అలా చేయకుండా ఆపే కోర్టు ఉత్తర్వు, అడగొచ్చు. నిజంగా బయటపడేస్తే స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 కింద ఆరు నెలల్లోపు దావా వేయాలి, ఆ గడువు దాటనీయకండి. ఇది తెలంగాణ సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో 2017 చట్టం వేరు, అక్కడివాళ్లు ఇదే లెక్క అనుకోవద్దు.

కేసు ఏళ్లు పడుతుంది. మధ్యలో ఆయనే మంచి మొత్తం ఇస్తానని రావచ్చు, తీసుకోవడం తప్పేం కాదు, కాకపోతే డబ్బు చేతికొచ్చాకే తాళం ఇవ్వండి. ఈలోపు పాత రసీదులు, షాపు పేరు మీది కరెంటు బిల్లులు, ట్రేడ్ లైసెన్సు, నాన్నగారి మరణ ధ్రువపత్రం ఒక కవర్లో పెట్టండి. రసీదుల మీద సిరా వెలిసిపోతుంటుంది, ఇవాళే ఫొటోలు తీసి పెట్టుకోండి.