పెళ్లి కార్డులో ఒక బ్రాకెట్

బుజ్జమ్మకు,

మావయ్య ఆశీస్సులు. నువ్వు సొంతంగా డీటీపీ షాపు పెట్టుకున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. ఇన్నేళ్లు ప్రెస్సులో ప్రూఫులు దిద్దినవాణ్ణి కాబట్టి నీకు పనికొచ్చే మాటలు నాలుగు రాస్తున్నాను. అక్షరదోషాలు నువ్వే పట్టుకోగలవు. నా బెంగంతా చుక్కలు, కామాలు, బ్రాకెట్ల గురించే. ఏముందిలే అని అందరూ వదిలేసేది వాటినే.

ముందు పెళ్లి కార్డు సంగతి. ‘బుధవారం రాత్రి 2.40 గం.లకు (తెల్లవారితే గురువారం)’ అని పంతులుగారు రాసిస్తారు. మన పంచాంగం లెక్కలో సూర్యోదయం దాకా బుధవారమే, గడియారం లెక్కలో అప్పటికే గురువారం. చోటు చాలడం లేదని ఆ బ్రాకెట్ తీసేశావో, దూరం నుంచి వచ్చే చుట్టాలు ఒకరోజు ముందే దిగుతారు. కావాలంటే అక్షరాల సైజు తగ్గించు, పువ్వుల బోర్డరు తీసెయ్, బ్రాకెట్ జోలికి మాత్రం వెళ్లకు.

అదే కార్డులో ‘చి.ల.సౌ.’ అని చుక్కలు పెడితే కింద కూడా ‘గం.’, ‘కీ.శే.’ అనే పెట్టు. పాత పద్ధతిలో ‘చి॥’, ‘గం॥’ కావాలంటే కార్డంతా అలాగే ఉండాలి. ఆ రెండు గీతల కోసం ఇంగ్లిష్ ఎల్ అక్షరాన్ని రెండుసార్లు కొట్టేవాళ్లున్నారు. నువ్వు ఆ పని చెయ్యకు. ‘శ్రీ’ పక్కన చుక్క అక్కర్లేదు, అది కుదించిన మాట కాదు.

కామాకి తెలుగులో ఇంకో పనుంది. ‘మాధవి చెల్లెలు శైలజ వస్తున్నారు’ అంటే ఒక్కరే, గౌరవంగా అన్నామంతే. ‘మాధవి, చెల్లెలు శైలజ వస్తున్నారు’ అంటే ఇద్దరు. క్రియ చూస్తే తేడా తెలీదు, అంతా కామా మీదే ఉంది. కస్టమర్ కామా లేకుండా రాసిస్తే నువ్వు ఊహించి పెట్టొద్దు, అడుగు. కామాకి ముందు ఖాళీ వదలకు. వదిలితే కామా ఒక్కటే కింది లైను మొదట్లోకి జారి కూర్చుంటుంది.

విసర్గ దగ్గర జాగ్రత్త. ‘పునఃప్రారంభం’, ‘దుఃఖం’ అనే మాటల్లో చాలామంది కోలన్ కొట్టేస్తారు. కంటికి ఇంచుమించు ఒకేలా ఉన్నా కంప్యూటర్‌కి అవి రెండు వేరు గుర్తులు. వెతికితే ఆ మాట దొరకదు.

‘ఎవరు వస్తారో తెలియదు’ అన్నప్పుడు ప్రశ్నార్థకం పెట్టకు, అక్కడ ఎవరూ ఎవర్నీ ఏమీ అడగడం లేదు. ఫ్లెక్సీల్లో ఆశ్చర్యార్థకం ఒక్కటి చాలు. రశీదుల్లో ‘రూ. 1,50,000/-’ అని చివర గీతలు తప్పకుండా ఉంచు, పక్కన ఇంకో అంకె చేర్చే వీలుండదు. లక్షల దగ్గర కామా మన పద్ధతిలోనే పడిందో లేదో చూసుకో, కొన్ని సాఫ్ట్‌వేర్లు 150,000 అని వేసేస్తాయి.

టైపు చేసిన కళ్లకి తప్పు కనపడదమ్మా. వేరేవాళ్ల చేత పైకి చదివించు. ఎవరూ దొరక్కపోతే ప్రూఫు నాకు వాట్సాప్‌లో పంపు. రాత్రి తొమ్మిదిలోపు పంపితే ఆ పూటే చూసి పంపిస్తాను.

మీ మావయ్య