అమ్మడికి, లాంతరు విషయం

అమ్మడూ,

కళాభారతిలో ‘ఎ స్ట్రీట్‌కార్ నేమ్డ్ డిజైర్’ తెలుగులో ఆడుతున్నారనీ, అందులో హీరోయిన్ బ్లాంచ్ వేషం నీదేననీ మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. పొద్దుట్నుంచీ కనపడినవాళ్లందరికీ చెప్పుకుంటున్నాను. మధ్యాహ్నానికి టెన్షన్ పట్టుకుంది.

డైలాగులు నోటికి రావాలి, రిహార్సల్‌కి టైముకి వెళ్లాలి, అవి నీకు తెలిసినవే. ముందు, నాటకంలో బల్బుకి తొడిగే ఆ కాగితం లాంతరు సంగతి చూడు. పాతరకం బల్బుకి కాగితం తొడిగితే కాసేపటికి మాడువాసన మొదలవుతుంది. ఎల్‌ఈడీయే పెట్టించు. వైరు జాయింట్లకి టేపు చుట్టారో లేదో నువ్వే చూసుకో. నవ్వకు, ఏళ్ల తరబడి లైట్లు వేసినవాడి భయం ఇలాగే ఉంటుంది.

మా రోజుల్లో మన ఊళ్లోనే ఒక సమాజం ఈ నాటకం ఆడింది. లైట్లు నావి. డైరెక్టర్ పేరు ఇప్పుడెందుకులే. మూడో రంగంలో బ్లాంచ్ అడిగితే లాంతరు తగిలించిన మిచ్చే, అదే, ఆమెని పెళ్లాడాలనుకున్నవాడే, తొమ్మిదో రంగంలో దాన్ని చింపేసి ఆమె మొహం వెలుగులో చూస్తాడు కదా. అక్కడ నిజం బయటపడాలని ఆయన పట్టుబట్టి, హీరోయిన్‌కి కళ్లకింద నల్లపెన్సిల్‌తో ముడతలు గీయించాడు. స్పాట్ ఫుల్‌గా కొట్టమన్నాడు, కొట్టాను. మన ఉక్కపోత తెలుసుగా, అప్పటికే ఆ గీతలు చెంపల మీదకి జారిపోయాయి. వెనక వరసలో ఎవడో కిసుక్కుమన్నాడు. ఇంక హాలంతా అదే. పాపం, ఆ పిల్ల ఒక్క మాట తప్పకుండా సీను పూర్తిచేసి, వింగ్‌లోకొచ్చి కూలబడింది. ఆయన మాత్రం లైటు ఎక్కువైందని నా మీద పడ్డాడు!

అసలు లెక్క ఎవరూ చూసుకోలేదు. బ్లాంచ్ చెల్లెలు స్టెల్లాకి పాతికేళ్లు. బ్లాంచ్ ఆమెకంటే ఐదేళ్లు పెద్దదని టెన్నెసీ విలియమ్స్ 1947 నాటి ఆ నాటకంలోనే రాశాడు. ముప్ఫై ఏళ్లకి ముడతలేమిటి? వయసు అయిపోయిందన్న బెంగ ఆమెది. ఆ సీన్లో మిచ్ చూసేదానికన్నా వినేదే ఎక్కువ. భర్త పోయాక ముక్కూమొహం తెలియని మగవాళ్ల దగ్గర ఊరట వెతుక్కున్నానని ఆమే చెప్పేస్తుంది. తన అబద్ధాలు తనకి తెలిసే ఆడుతోందన్నమాట. నువ్వు మొదటి రంగం నుంచే పిచ్చిచూపులు చూశావో, నేను లేచి వచ్చేస్తాను.

చివరి రంగం ఇంకా జాగ్రత్త. స్టెల్లా మొగుడు స్టాన్లీ తనని చెరిచాడని బ్లాంచ్ చెల్లెలికి చెప్పింది, అది నిజం. నమ్మితే స్టాన్లీతో కాపురం చెయ్యలేనని స్టెల్లా నమ్మడం మానేసింది. మరి భ్రమలో ఉన్నది ఎవరు? పాత స్నేహితుడు షెప్ హంట్లీ వస్తాడని బ్లాంచ్ ముస్తాబవుతుంది, అది భ్రమే, కాదనను. కానీ తనని పిచ్చాసుపత్రికి తీసుకెళ్లడానికి వచ్చిన డాక్టర్ని చూడగానే ఈయన అతను కాదని అనేస్తుంది. చూపు పోలేదు. స్టాన్లీ లాంతరు పీకినప్పుడు తననే పీకినట్టు కేక పెడుతుంది చూడు, ఆ కేకకి లైటువాడి సాయం అడగకు.

ఇంటికొచ్చాక వేళకి తిను. రాత్రి బీచ్‌రోడ్డులో ఒక్కదానివే ఆటో ఎక్కకు, తమ్ముణ్ణి రమ్మను. మాడుగుల హల్వా పంపుతున్నాను, ట్రూపులో అందరికీ పంచు. నాటకం రోజున నన్ను లైటు బోర్డు దగ్గర నిలబడనిస్తారేమో కనుక్కో. ముందు వరసలో కూర్చుని చూడటం నావల్ల కాదు.

మీ పెదనాన్న