ఎర్రని కాంతికి ఎలక్ట్రాన్ ఊడుతుందా?

ప్రశ్న: ప్లస్ టూ చదువుతున్నాను. ఫోటాన్‌కు, అంటే కాంతి రేణువుకు, చాలినంత శక్తి లేకపోతే, వెలుగు ఎంత పెంచినా ఎలక్ట్రాన్ బయటికి రాదని మా పుస్తకంలో ఉంది. ఐఐటీ మద్రాసులో చదివే మా అన్నయ్యేమో లేజర్‌తో వస్తుందని వాదిస్తున్నాడు. ఎవరి మాట నిజం?
– ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: అన్నయ్య మాట నిజమేనమ్మా. అలాగని పుస్తకం అబద్ధమూ కాదు. 1905లో ఐన్‌స్టీన్ చెప్పింది, ఒక ఎలక్ట్రాన్ ఒక్క ఫోటాన్‌ను మింగే సంగతి. మామూలు వెలుగులో రెండు ఫోటాన్లు ఒకేసారి అందడం దాదాపు జరగదు. నేను కాలేజీలో పాఠం చెప్పేటప్పుడు ఈ షరతును గట్టిగా చెప్పేవాణ్ణి. పుస్తకాలు ఎందుకో దాటేస్తాయి.

ఆర్గాన్ పరమాణువు నుంచి ఎలక్ట్రాన్‌ను లాగాలంటే 15.76 ఎలక్ట్రాన్ వోల్టుల (సూక్ష్మ కణాల శక్తికి కొలమానం) శక్తి కావాలి. ఎరుపు అంచున ఉండే, 800 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల లేజర్ ఫోటాన్‌లో ఉండేది 1.55 మాత్రమే. అంటే పదకొండు ఫోటాన్లు కలిసి పనిచేయాలి. లేజర్‌ను 30 ఫెమ్టోసెకన్ల (ఫెమ్టోసెకను అంటే సెకనులో వెయ్యి లక్షల కోట్లవ వంతు) పల్స్‌గా కుదించి ఒక చుక్క మీద కేంద్రీకరిస్తే అదీ జరుగుతుంది. ఎలక్ట్రాన్ అవసరానికి మించి కూడా ఫోటాన్లను మింగుతుందని 1979లో ఫ్రాన్స్‌లో పియర్ అగొస్తీని బృందం జెనాన్ వాయువులో చూసింది.

చదరపు సెంటీమీటరుకు కోటి కోటి వాట్ల తీవ్రతకు చేరాక ఇక ఫోటాన్ల లెక్కకన్నా విద్యుత్ క్షేత్రం లెక్కే సులువు. అసలు తమాషా ఇక్కడే. కేంద్రకం ఎలక్ట్రాన్‌ను పట్టి ఉంచే అడ్డుగోడను ఆ క్షేత్రం ఒకవైపు వంచేస్తుంది. పలచబడిన ఆ గోడలోంచి ఎలక్ట్రాన్ టన్నెలింగ్‌తో, అంటే గోడ ఎక్కి దాటే శక్తి లేకున్నా అందులోంచే దూరిపోయే క్వాంటమ్ తీరుతో, బయటపడుతుంది. కానీ కాంతి తరంగం కదా, 1.3 ఫెమ్టోసెకన్లకే క్షేత్రం దిశ తిరగబడుతుంది. దాంతో మెరీనాలో అల లాక్కుపోయిన చెప్పు ఒడ్డుకు కొట్టుకొచ్చినట్టు, కొన్ని ఎలక్ట్రాన్లు వేగం పుంజుకుని తమ అయాన్ (ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న పరమాణువు) దగ్గరికే తిరిగొస్తాయి. వాటిలో ఏదైనా మళ్ళీ అందులో చేరిపోతే, సంపాదించిన శక్తంతా అతినీలలోహిత కాంతిగానో, ఎక్స్-కిరణంగానో వెలువడుతుంది.

1064 నానోమీటర్ల పరారుణ లేజర్‌ను ఆర్గాన్‌లోకి పంపి, దానికి 33 రెట్ల పౌనఃపున్యం వరకు కాంతిని ఆన్ లూయిలియే తదితరులు 1988లో చూపించారు. ఎలక్ట్రాన్ ఇలా వెళ్ళి తిరిగొస్తుందన్న వివరణ పాల్ కోర్కమ్ 1993లో ఇచ్చారు. ఈ కాంతితోనే అటోసెకన్ల (ఫెమ్టోసెకనులో వెయ్యో వంతు) పల్స్‌లు తయారుచేశారు. అగొస్తీని, లూయిలియే, ఫెరెంక్ క్రౌజ్‌లకు 2023 నోబెల్ అందుకే వచ్చింది.

పరీక్షలో మాత్రం పుస్తకంలో ఉన్నట్టే రాయమ్మా. పేపరు దిద్దేది మీ అన్నయ్య కాదు.