ఇంట్లో కంప్యూటర్‌కు వీపీఎన్ ఉంది, యాంటీవైరస్ కూడా కావాలా?

కావాలి. వీపీఎన్ ఉన్నా లేకపోయినా కావాలి. అయితే దానికి డబ్బు పెట్టనక్కరలేదు. విండోస్‌తో పాటే వచ్చే డిఫెండర్ అనే యాంటీవైరస్‌ను ఎవరూ కెలక్కుండా వదిలేస్తే ఇంటి అవసరాలకు అది చాలు. "వీపీఎన్‌కు ఏడాది డబ్బు కట్టాను, మళ్ళీ యాంటీవైరస్‌కు కూడా కట్టాలా?" అని మీరు అడిగారు. నాకు బాధ కలిగించింది ఆ రెండో ఖర్చు కాదు, మొదటిది.

కర్నూలులో ఇళ్ళకు వెళ్ళి కంప్యూటర్లు బాగుచేయడం నా వృత్తి. మా ఊరి మార్కెట్ యార్డుకు ఉల్లి లారీలు వస్తుంటాయి. పైన టార్పాలిన్ కట్టిన లారీలో సరుకేమిటో దారిలో ఎవరికీ కనిపించదు. వీపీఎన్ చేసేది అంతే. మీ కంప్యూటర్ నుంచి వీపీఎన్ కంపెనీ సర్వరు దాకా వెళ్ళే సమాచారాన్ని మధ్యలో ఎవరూ చదవకుండా కప్పుతుంది, ఇంటర్నెట్‌లో మీ చిరునామా లాంటి ఐపీ అడ్రసు బదులు తనది చూపిస్తుంది. బస్తాలో కుళ్ళిన గడ్డలుంటే టార్పాలిన్‌కు సంబంధం లేదు. వైరస్ ఉన్న ఫైలును మీరు దింపుకుంటే, ఆ ఫైలు కూడా ఎవరి కంటా పడకుండా భద్రంగా మీ ఇంటికే చేరుతుంది.

నంద్యాల చెక్‌పోస్టు వైపు ఉండే ఒక అక్క ఇంట్లోనే శుభలేఖల డీటీపీ చేస్తారు. బెంగళూరులో ఉద్యోగం చేసే కొడుకు పండగకు వచ్చినప్పుడు వీపీఎన్ పెట్టి, "అమ్మా, ఇది ఆన్‌లో ఉంటే ఇక భయం లేదు" అని చెప్పి వెళ్ళాడు. మాఘమాసం ముహూర్తాలు దగ్గరపడిన రోజుల్లో ఆవిడ నుంచి ఫోను. "తమ్ముడూ, ఫైళ్ళన్నీ తెల్లగా అయిపోయాయి, ఒక్కటీ తెరుచుకోవడం లేదు. వెంటనే వస్తావా?"

వెళ్ళి చూస్తే తెర మీద కింద మూలన వీపీఎన్ గుర్తు పచ్చగా వెలుగుతోంది. నొక్కితే "మీ కనెక్షన్ సురక్షితంగా ఉంది" అనే అర్థం వచ్చే మాట. దాని వెనక ఫోల్డర్లలో ప్రతి ఫైలు పేరు చివరా అర్థంపర్థం లేని నాలుగు అక్షరాలు తగిలించి ఉన్నాయి. ప్రతి ఫోల్డర్‌లో ఒక రీడ్‌మీ టెక్స్ట్ ఫైలు. తాళం తీయాలంటే 980 డాలర్లు, 72 గంటల్లో సంప్రదిస్తే సగానికి, అంటే 490 డాలర్లకే ఇస్తారట. 980 డాలర్లంటే 80 వేల రూపాయల పైమాటే. శుభలేఖలు డిజైన్ చేసుకుని బతికే మనిషిని అడిగే సొమ్మా అది?

ఆ అక్షరాలూ ఆ ధరా చూడగానే తెలిసిపోయింది, అది స్టాప్ జేవూ అనే ర్యాన్సమ్‌వేర్, అంటే ఫైళ్ళకు తాళం వేసి డబ్బు గుంజే వైరస్. పెద్ద ఆసుపత్రులను, బ్యాంకులను కొట్టే రకం కాదు. క్రాక్ సాఫ్టువేర్ల (డబ్బు కట్టకుండా వాడుకునేలా తాళం పగలగొట్టినవాటి) వెంట వచ్చి మనలాంటి ఇళ్ళ మీదే పడుతుంది. అక్కను అడిగితే విషయం బయటపడింది. డిజైన్ సాఫ్టువేరు కొత్త వెర్షన్ కోసం ఒక వీడియో కింద ఉన్న లింకు నుంచి క్రాక్ దింపారు. "ముందు యాంటీవైరస్ ఆపేయండి" అని ఆ వీడియోలో చెబితే ఆపేశారు. క్రాక్ నడపగానే "విండోస్ అప్‌డేట్ అవుతోంది" అని ఒక కిటికీ వచ్చింది. అది కానిమ్మని పొయ్యి మీద పప్పు చూసుకోవడానికి లోపలికి వెళ్ళారు. ఆ అప్‌డేట్ కిటికీ దొంగది. ఈ ర్యాన్సమ్‌వేర్ అలా మనిషిని ఏమార్చి వెనక ఫైళ్ళకు తాళాలు వేసుకుంటూ పోతుంది.

నాకు అన్నిటికంటే కడుపు మండింది తర్వాత చూసినదానికి. డిఫెండర్ ఏమేం పట్టుకుందో రాసి ఉండే ప్రొటెక్షన్ హిస్టరీ తెరిచాను. అది ఆ ఫైలును పట్టుకుంది! దింపిన వెంటనే ప్రమాదకరమని గుర్తించి పక్కన పెట్టింది. దాని నోరు మూయించి, పక్కన పెట్టినదాన్ని మళ్ళీ బయటికి తీయించింది ఆ వీడియో. ఉచితంగా వచ్చిన కాపలా తన పని తాను చేసింది. డబ్బు కట్టిన వీపీఎన్ కూడా తన పని తాను చేసింది, కాకపోతే దాని పని అది కాదు. "మరి వీపీఎన్ ఎందుకు ఆపలేదు తమ్ముడూ?" అని అక్క అడిగారు. ఆవిడను ఏమీ అనలేను. వైరస్‌ను ఆపేదేదో, ఆపనిదేదో ఆవిడకు ఎవరు చెప్పారు కనుక?

ఈ రకానికి ఉచితంగా తాళం తీసే పనిముట్టు ఒకటి ఉంది, ఎమ్సిసాఫ్ట్ అనే భద్రతా కంపెనీ వాళ్ళది. కానీ 2019 ఆగస్టు తర్వాత వచ్చిన రకాల్లో అది అందరికీ పనిచేయదు. సి డ్రైవ్‌లో సిస్టమ్‌ఐడీ అనే ఫోల్డర్ ఉంటుంది. అందులోని నంబరు చివర టీ, ఒకటి (t1) ఉంటే ఆశ ఉంటుంది. అక్క నంబరు అలా లేదు. అసలు ఆ పనిముట్టు గురించి చదువుదామన్నా ఆ వెబ్‌సైట్లు తెరుచుకోలేదు. ఏ వెబ్‌సైటుకు ఎటు వెళ్ళాలో కంప్యూటర్‌కు చెప్పే హోస్ట్స్ ఫైలును కూడా ఆ ర్యాన్సమ్‌వేర్ మార్చేసి సాయం దొరికే దారులు మూసింది. నా ఫోనులోనే చదువుకోవలసి వచ్చింది.

అదృష్టం ఏమిటంటే, ఖాతాదారులకు పంపిన ప్రూఫులన్నీ అక్క ఫోనులో వాట్సాప్‌లో బొమ్మలుగా ఉన్నాయి. వాటిని చూసి వధూవరుల పేర్లు, ముహూర్తాలు, కల్యాణ మండపాల చిరునామాలు మళ్ళీ టైపు చేసుకున్నారు. కూతురి ఓణీల వేడుక వీడియోను చాలావరకు బతికించగలిగాను, ఎందుకంటే ఇది ప్రతి ఫైలులో మొదటి 150 కిలోబైట్లనే పాడుచేస్తుంది. ఫొటోలు మాత్రం పోయాయి. ఇదే ర్యాన్సమ్‌వేర్ వెంట బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులు దోచుకునే దొంగ ప్రోగ్రాములు కూడా తరచుగా వస్తాయి. అందుకని బ్యాంకు మొదలుకొని జీమెయిల్ దాకా అన్ని పాస్‌వర్డులూ వేరే ఫోను నుంచి మార్పించాను. పాస్‌వర్డులు బయటికి పోయి ఉంటే, అవి కూడా ఆ వీపీఎన్ కప్పిన దారిలోనే గుట్టుగా పోయి ఉంటాయి.

వీపీఎన్ కంపెనీల ప్రకటనల మీద నాకు చాలా కోపం ఉంది. ప్రతి యూట్యూబర్ వీడియో మధ్యలో ఆపి "మీ బ్యాంకు వివరాలు దొంగిలిస్తారు, ఇది కొనండి" అంటాడు. బ్యాంకు వెబ్‌సైటుకు, మీ బ్రౌజర్‌కు మధ్య హెచ్‌టీటీపీఎస్ ఎన్‌క్రిప్షన్, అంటే మధ్యలో ఎవరూ చదవలేని కప్పు, ఎప్పుడో ఉంది. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ వాడుకునేవారికి వీపీఎన్ కలిపే భద్రత చాలా కొద్ది. రహస్యం కోసం కొన్నారంటే, ఇంటర్నెట్ కంపెనీ బదులు వీపీఎన్ కంపెనీని నమ్ముతున్నారంతే. పైగా మన దేశంలో వీపీఎన్ సంస్థలు ఖాతాదారుల వివరాలు అయిదేళ్ళు దాచాలని 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్ ఇన్ ఆదేశించింది. కొన్ని పెద్ద కంపెనీలు అప్పుడే ఇక్కడి సర్వర్లు ఎత్తేశాయి.

ఉచిత వీపీఎన్‌ల సంగతి ఇంకా ఘోరం. 2024 మేలో అమెరికా ప్రభుత్వం 911 ఎస్5 అనే బాట్‌నెట్‌ను, అంటే దొంగల చేతిలో కీలుబొమ్మలైన కంప్యూటర్ల గుంపును, పట్టుకుంది. మాస్క్ వీపీఎన్, డ్యూ వీపీఎన్ వంటి ఉచిత వీపీఎన్‌ల ద్వారానే అది కంప్యూటర్లలోకి దూరింది. ప్రపంచమంతటా 1.9 కోట్లకు పైగా ఐపీ అడ్రసులు దాని చేతిలో పడ్డాయి. ఆ ఇళ్ళ ఐపీ అడ్రసుల చాటునే నేరస్థులు మోసాలు చేశారు. అంటే వైరస్‌ను మోసుకొచ్చింది వీపీఎనే. దానికి తోడుగా యాంటీవైరస్ ఎందుకని ఇక అడగవలసిన పని ఉందా?

యాంటీవైరస్ కంపెనీలన్నీ పుణ్యాత్ములని నేను అనడం లేదు. వాడేవారి బ్రౌజింగ్ సమాచారం అమ్ముకున్నందుకు అవాస్ట్ అనే యాంటీవైరస్ కంపెనీ చేత 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1.65 కోట్ల డాలర్లు కట్టించింది. అందుకే కొనమని నేను ఎవరికీ చెప్పను. డిఫెండర్ 2012లో విండోస్ 8తోనే పూర్తి యాంటీవైరస్‌గా వచ్చింది. ఇంకొకటి కొని పెడితే ఇది తనంతట తాను తప్పుకుంటుంది. కొన్నదాని గడువు తీరినా తీసేయకుండా అలాగే ఉంచేసుకున్న ఇళ్ళు ఎన్నో చూశాను.

నిజమైన తలనొప్పి మన దగ్గరే ఉంది. ఫార్మాట్ చేయించుకోవడానికి ఇస్తే కొందరు దొంగ విండోస్ వేస్తారు. దాన్ని అసలుదిలా నడిపించే యాక్టివేటర్‌ను డిఫెండర్ పట్టుకుంటుందని సి డ్రైవ్ మొత్తాన్ని ఎక్స్‌క్లూజన్స్‌లో, అంటే డిఫెండర్ చూడకూడనివాటి జాబితాలో, పెట్టేస్తారు. ఇక డిఫెండర్ ఉన్నట్టే కనిపిస్తుంది, ఏమీ చూడదు. ఇది ఎంత అన్యాయమో కంప్యూటర్ ఇచ్చినవారికి తెలియనే తెలియదు. మా ఊరి సి క్యాంపులో ఒక రిటైర్డు మాస్టారి ఇంట్లో నేను చూసింది ఇదే. "బాబూ, నేను ఫార్మాట్‌కు డబ్బు కట్టాను కదా, అసలుదే వేసి ఉంటారు" అని ఆయన నమ్మకం.

కాబట్టి మీరు ఈ రోజే విండోస్ సెక్యూరిటీ తెరిచి, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్ సెట్టింగుల్లో ఎక్స్‌క్లూజన్స్ చూడండి. మీరు పెట్టనిది ఏది ఉన్నా తీసేయండి. ఎప్పటికప్పుడు కాపలా కాసే రియల్ టైమ్ ప్రొటెక్షన్, వేరే ప్రోగ్రాములు ఆ కాపలాను ఆపకుండా చూసే ట్యాంపర్ ప్రొటెక్షన్ రెండూ ఆన్‌లో ఉండాలి. ర్యాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్‌లో తెలియని ప్రోగ్రాములు ఫైళ్ళను మార్చకుండా అడ్డుకునే కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ అని ఒకటి ఉంటుంది, అది మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది. ఫొటోలున్న ఫోల్డర్లకు అది పెట్టుకోండి. విండోస్ 10 వాడుతుంటే దానికి 2025 అక్టోబరు 14తో మామూలు మద్దతు ఆగిపోయింది, 11కు మారే దారి చూడండి. వచ్చే ఏడాది వీపీఎన్ డబ్బుతో ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు కొని, ఫొటోలు దానిలోకి ఎక్కించి, వైరు పీకి బీరువాలో పెట్టండి. వైరు తగిలించి ఉంచితే ర్యాన్సమ్‌వేర్ దానికీ తాళం వేస్తుంది.

వీపీఎన్‌కు కట్టిన డబ్బు ఎలాగూ కట్టేశారు, రైల్వే స్టేషనులోనో లాడ్జిలోనో వైఫై వాడవలసి వస్తే అప్పుడు వేసుకోండి. ఆటో రెన్యువల్ మాత్రం ఇప్పుడే ఆపేయండి, లేకపోతే కార్డు నుంచి మళ్ళీ కోసేస్తారు.