ఎక్స్‌ట్రా లెగ్‌రూమ్ సీట్లో ఉచిత డ్రింక్: వెళ్ళేటప్పుడు ఇచ్చి, వచ్చేటప్పుడు డబ్బులడిగితే

విమానంలో కాళ్ళకు ఎక్కువ చోటుండే (ఎక్స్‌ట్రా లెగ్‌రూమ్) సీటు కొంటే, వెళ్ళేటప్పుడు వైన్ ఉచితంగా ఇచ్చి, తిరుగు ప్రయాణంలో అదే రకం సీటుకు డబ్బు కట్టమని కార్డు అడిగారన్నారు కదండీ. ముందు బోర్డింగ్ పాస్‌లో సీటు పేరు చూడండి, చాలామటుకు చిక్కు అక్కడే ఉంటుంది. అమెరికన్ ఎయిర్‌లైన్స్‌లో మెయిన్ క్యాబిన్ ఎక్స్‌ట్రా అనే ఎక్కువ చోటున్న సీట్లకి మద్యం ఉచితం. అదే సంస్థలో ప్రిఫర్డ్ అనే సీటు ముందు వైపే ఉన్నా కాళ్ళకు అదనపు చోటుండదు, ఉచిత మద్యమూ లేదు. యునైటెడ్ ఎయిర్‌లైన్స్ వారి ఎకానమీ ప్లస్‌లో మీరు కొనేది సాధారణంగా చోటు మాత్రమే.

పేరు సరిగ్గానే ఉంటే తర్వాత చూడాల్సింది విమానం ఎవరు నడిపారన్నది. టికెట్ ఒక సంస్థది, నడిపేది భాగస్వామి అయితే సర్వీసు సాధారణంగా నడిపేవారి పద్ధతిలోనే ఉంటుంది. బాగా చిన్న దూరాలకు డ్రింక్స్ బండి బయటికే రాకపోవచ్చు.

అత్యవసర ద్వారాల పక్కనుండే ఎగ్జిట్ వరుసల్లో పొరపాటు జరిగే వీలుంది. ముందు వరుసలకు దూరంగా, మామూలు సీట్ల మధ్యలో ఉంటాయి కాబట్టి వెనక నుంచి బండి తోసుకొచ్చే సిబ్బంది వాటినీ మామూలు సీట్లుగానే లెక్కేయవచ్చు. అందుకే ఆర్డర్ చెప్పేటప్పుడే "ఈ సీటుకు డ్రింక్ కలిపే ఉందా?" అని అడగండి. కార్డు గీకాక అడిగితే గాల్లో సరిచేయడం కష్టం. కాదంటే క్యాబిన్ ఇన్‌చార్జిని చూడమనండి.

ఇప్పటికే కట్టేశారు కాబట్టి ఫ్లైట్ నంబరు, తేదీ, సీటు నంబరు రాసి, సీటు రసీదు, డ్రింక్ రసీదు రెండూ జతచేసి కస్టమర్ రిలేషన్స్ ఫారం పంపండి. డ్రింక్ సొమ్మే అడగండి. సీటు సొమ్ము కూడా అడిగితే చోటు వాడుకున్నారు కదా అని మొత్తం తోసిపుచ్చే వీలుంది.