థర్మల్ ప్లాంట్ పక్కన బ్యాటరీ పెడితే సోలార్‌తో గొడవ తీరుతుందా?

"బొగ్గు ప్లాంటు ఎలాగూ 24 గంటలూ నడుస్తుంది, పక్కన పెద్ద బ్యాటరీ పెట్టేస్తే మధ్యాహ్నం సోలార్ ఎక్కువైనా ఫుల్ లోడ్‌లోనే ఉంచొచ్చు కదా" అని ఒకరు అడిగారు. ఉంచొచ్చు, కానీ అది దండగ. ఎండ కరెంటు మిగిలిపోతున్న గంటల్లో బొగ్గు కాల్చి దాచుకోవడం ఎందుకండీ? యూనిట్‌ని సులువుగా దిగగలిగినంత దించాక, ఇంకా దిగాల్సిన కాస్త తేడాకే బ్యాటరీ అసలు ఉపయోగం.

నేను థర్మల్ స్టేషన్‌లో యూనిట్ కంట్రోల్ రూమ్ డెస్క్ మీద చాలా ఏళ్లు చేశాను. ఒకప్పుడు బ్యాక్‌డౌన్, అంటే యూనిట్ ఉత్పత్తి తగ్గించడం, అర్ధరాత్రి దాటాకే. సోలార్ పెరిగాక పట్టపగలే మొదలైంది, పొద్దున లోడ్ డిస్పాచ్ సెంటర్ (ఏ ప్లాంటు ఎంత కరెంటు ఇవ్వాలో చెప్పే ఆఫీసు) వాళ్లు తగ్గించమంటారు, పొద్దు వాలగానే ఎత్తండి ఎత్తండి అని ఫోన్ మీద ఫోన్. లోడ్ తగ్గించడానికి బొగ్గు పొడి చేసే మిల్లులు ఆపుకుంటూ పోతే ఒక దశ దాటాక బాయిలర్‌లో మంట నిలకడగా ఉండదు, ఆయిల్ సపోర్ట్ ఇవ్వాలి, అంటే మంట ఆరకుండా ఆయిల్ కూడా కాల్చాలి, అది బొగ్గు కంటే ఎంతో ఖరీదు. పైగా రోజూ వేడెక్కి చల్లబడే లోహం అలసిపోతుంది, చివరికి ట్యూబ్ లీకేజీ, యూనిట్ బంద్.

కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023 నిబంధనల ప్రకారం బొగ్గు యూనిట్లు తమ సామర్థ్యంలో 40 శాతం దాకా దిగగలగాలి. అంతకుముందు గ్రిడ్ నడిపే నియమావళి, గ్రిడ్ కోడ్‌లో ఉన్నది 55 శాతం. 500 మెగావాట్ల యూనిట్‌కి లెక్క వేయండి: 55 శాతం అంటే 275, 40 అంటే 200. తేడా 75 మెగావాట్లే. యూనిట్‌ని 275 దగ్గరే ఉంచి ఆ 75ని ఐదు గంటలు బ్యాటరీలోకి పంపితే 375 మెగావాట్ అవర్లు, అంటే బాయిలర్‌ని ఏడిపించకుండానే గ్రిడ్‌కి 200 లాగా కనిపిస్తుంది. నష్టాలు పోగా సాయంత్రం నాలుగు గంటలు దాదాపు 80 మెగావాట్లు వెనక్కి వస్తాయి. సాయంత్రం లోడ్ ఎత్తేటప్పుడూ ఇదే ఆదుకుంటుంది, ఎందుకంటే నిబంధనల్లోని వేగంతో పెంచినా 40 నుంచి 100 శాతానికి అరగంట పైనే పడుతుంది, బ్యాటరీకైతే ఒక్క సెకను చాలు.

ఇక మధ్యాహ్నపు మిగులు మొత్తాన్ని దాచాలంటే మాత్రం నా ఓటు పంప్‌డ్ స్టోరేజీకే, అంటే మిగులు కరెంటుతో నీళ్లు పైకి తోడి, కావాల్సినప్పుడు కిందికి వదిలి కరెంటు తీయడం. శ్రీశైలం ఎడమగట్టులో 150 మెగావాట్ల రివర్సిబుల్ యూనిట్లు (కరెంటు తీయగలవు, నీళ్లు తోడగలవు) ఆరు, నాగార్జునసాగర్‌లో 100.8వి ఏడు ఎప్పటి నుంచో ఉన్నాయి, రాత్రి మిగిలిన కరెంటుతో నీళ్లు పైకి తోడటం వాటికి పాత పని, ఇప్పుడు అదే పగలు చేయాలి. కృష్ణా నీళ్ల పంచాయితీ దాని దారిన అది ఉంటుంది, అది వేరే కథ. నంద్యాల జిల్లా పిన్నాపురం లాంటి చోట్ల నదికి దూరంగా, అవే నీళ్లు పైకీ కిందికీ తిరుగుతాయి కాబట్టి ఆ గొడవ తక్కువ. అన్నట్టు, ఆంధ్రలో వ్యవసాయానికి పగటిపూట తొమ్మిది గంటలు ఇవ్వడం కూడా ఒక రకం స్టోరేజీయే, దానికి బ్యాటరీ అక్కర్లేదు.

కాబట్టి బ్యాటరీ ఎక్కడ ఉందన్నది కాదు, ఎప్పుడు నింపాలో ఎవరు చెబుతారన్నది చూడండి. ప్లాంటు తన యూనిట్ కోసం నింపుకుంటే సోలార్ ఆగిపోతుంది, డిస్పాచ్ సెంటర్ చేతిలో ఉంటే మొత్తం గ్రిడ్ కోసం వాడుతుంది. చోటు గురించే అడిగితే, కొత్తగూడెం థర్మల్ స్టేషన్‌లో 2024లో పాత కూలింగ్ టవర్లు కూల్చేశారే, అలా పాత యూనిట్లు మూసిన స్టేషన్లు చూడమంటాను. స్థలం కోసం, కొత్త లైన్ల కోసం ఏళ్ల తరబడి తిరగక్కర్లేదు.